జల్లెడలో మబ్బు

పొద్దున లేచినాక పద్మజ పనులకు ఒక వరస ఉంది. వాకిలి ఊడ్చేది. బిందెలో ఉన్న కాసిని నీళ్లతోనే కల్లాపి చల్లినాననిపించేది. ఎనుమును కొట్టంలోంచి విప్పి చింతచెట్టుకు కట్టేది. ఆ తర్వాత మిద్దె ఎక్కి మబ్బును పడమటి గుంజ నుంచి విప్పి తూర్పు గుంజకు కట్టేది. పొద్దున పూట మబ్బు తూర్పున ఉంటేనే దాని నీడ వాకిట్లో అవ్వ మంచం మీద పడుతుంది. మధ్యాహ్నం దాటినాక మళ్లీ పడమటి గుంజకు. నిజానికి ఎనుముకన్నా మబ్బే నయం. తన్నదు, మేత అడగదు, పేడ తీసే పని లేదు. పాలివ్వదు, నిజమే. ఆ ఏడు ఎనుము మాత్రం ఇచ్చిందా ఏమన్నానా?

ఆ మబ్బు వాళ్లింటికి వచ్చి చానా ఏండ్లయింది. మబ్బుల్లో మందు చల్లి వాన కురిపిస్తామని విమానం తిరిగిన ఏడు, దాని రొదకు బెదిరి మందలోంచి తప్పిపోయిన పిల్లమబ్బు అది. దారి తెలియక నల్లమిట్టపల్లి మీదికొచ్చి, లక్ష్మీదేవమ్మ అవ్వ మిద్దె మీద వాలింది. దుప్పటంత ఉంది, అంతే. అవ్వ దాని ఒళ్లు కొంగుతో తుడిచి, పాత పగ్గం ఒకటి వెతికి గుంజకు కట్టేసింది. "మంద తిరిగొస్తే ఇడ్సిపెడదాం. అంతవరకు ఈన్నే ఉండనీ" అంది. మంద తిరిగి రాలేదు. మబ్బు పెరిగిందీ లేదు, తరిగిందీ లేదు. ఒక్క చుక్క కురిసిందీ లేదు. ఊళ్లో వాళ్లకు మాత్రం నోటినిండా పని దొరికింది.

"ఏమవ్వా, మీ మబ్బు ఈనిందా ల్యాదా?" అని అడుగుతాడు దాసప్ప, చేనికి పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి.

"ఈనేటప్పుడు నిన్నే పిలుస్తా లేరా, దూడను పట్టుకుందువు" అంటుంది అవ్వ.

ఈ మాటలేవీ పద్మజకు వినపడవు. పుట్టినప్పటి నుంచీ ఆమెకు చెవులు లేవు. ఎవరు ఏమంటున్నారో పెదాలు చూసి పట్టుకుంటుంది. మొగుని తరపు ఈ అవ్వతో మాట్లాడడానికి అవ్వే ఒక భాష కల్పించింది. అందులో సగం మాటలు నెత్తి కొట్టుకోవడమే. మరిది కేశవకు మాత్రం చేతి మాటలు చక్కగా వచ్చు. చిన్నప్పటి నుంచీ అన్నతో కొట్లాడి కొట్లాడి నేర్చుకున్నాడు మరి. ఎందుకంటే వాళ్లన్న నాగేశ్వరకూ చెవులు లేవు. పద్మజ, నాగేశ్వర అనంతపురంలో చెవిటి పిల్లల హాస్టల్లో కలిసి చదువుకున్నారు. ఆడపిల్లల పక్క గోడ మీంచి మగపిల్లల పక్కకు చేతులెత్తి మాట్లాడుకుని మాట్లాడుకుని, చివరికి పెండ్లి చేసుకున్నారు. వాళ్ల మాటలను ఇక్కడ అందరి మాటల్లాగే రాసుకుంటూ పోదాం. చేతులతో అన్నవని మీరే తెలుసుకోండి.

చేతి భాషలో ప్రతి మనిషికీ ఒక పేరు పెడతారు. పద్మజకు ఆ పేరు పెట్టింది నాగేశ్వరే. ఆమె నవ్వితే కుడి బుగ్గ మీద సొట్ట పడుతుంది. తన బుగ్గ మీద చూపుడువేలు ఆనించి అట్లా ఒకసారి తిప్పితే, అది పద్మజ. లోకంలో ఆమెను ఆ పేరుతో పిలిచే మనిషి అతనొక్కడే. కేశవ 'వదినా' అంటాడు. అవ్వ ఎండుపుల్లతో వీపు మీద తడుతుంది.

వరసగా రెండేండ్లు శెనక్కాయ చేను ఎండిపోయినాక నాగేశ్వర బెంగుళూరికి పోయినాడు. బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ పని. మొదట్లో సెల్లు నిండా మెసేజీలు పంపేవాడు. వాళ్ల గది దగ్గర ఒక టీ అంగడి ఉందట. సాయంత్రమయితే నగరంలోని చెవిటివాళ్లంతా అక్కడ చేరతారట. ఎంతమందో అట. అందరూ చేతులతోనే మాటలు, చేతులతోనే తగువులు, చేతులతోనే జోకులు. టీ పోసేవాడు కూడా నేర్చుకున్నాడట. ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టి పొట్టిగా రాసిన ఆ మెసేజీలను పద్మజ మళ్లీ మళ్లీ చదివేది. సంతోషంగా ఉన్నాడు. అదే ఆమెకు భయం పుట్టించింది.

తర్వాత మెసేజీల్లో ఒక్క మాటే మిగిలింది. 'రా' అని అతను. 'నువ్వే రా' అని ఆమె. మబ్బునొదిలి అవ్వ కదలదు. అవ్వను వదిలి తను ఎట్లా కదిలేది? ఇది అక్షరాలు నొక్కి చెప్పే సంగతి కాదు. చెప్పాలంటే మొహం కావాలి, భుజాలు కావాలి, పది వేళ్లూ కావాలి. సెల్లు మీద ఒక్క బొటనవేలే ఆడుతుంది. 'రా' అన్నది బతిమాలుతున్నట్టా, కసురుతున్నట్టా? తెలియదు. చివరికి అతని నుంచి 'ఓకే' తప్ప ఏమీ రావడం మానేసింది. సాయంత్రాలు పద్మజ మిద్దె మీద మబ్బు పక్కన కూర్చుని, ఎవరూ చూడకుండా తన బుగ్గ మీద తనే వేలు పెట్టి తిప్పుకునేది. చక్కిలిగింతను తనకు తాను పెట్టుకున్నట్టు, ఏమీ తెలిసేది కాదు.

ఒకరోజు కేశవ కదిరి నుంచి ఆటోలో ఒక పాత కంప్యూటరును దించినాడు. అతను పనిచేసే అంగట్లో కొత్తవి వచ్చి దీన్ని మూలన పడేసినారు. దానికి కప్పకన్ను లాంటి కెమెరా ఒకటి, గాలిలోంచి ఇంటర్‌నెట్టును పట్టే వేలెడంత పుల్ల ఒకటి.

"వదినా, ఇంగ నువ్వు మా యన్న మొగం సూడొచ్చు. తిట్టల్లంటే ఎదురుగానే తిట్టొచ్చు. నేనైతే ఆ పక్కకు తిరుక్కుంటా, నువ్వేం సిగ్గుపడొద్దు" అన్నాడు.

పద్మజ చీపురు తీసుకుంది. కేశవ గడప అవతల నిలబడి మిగతాది వివరించినాడు.

నాగేశ్వరకు ఆదివారం సెలవు. టీ అంగడి పక్కనున్న ఇంటర్‌నెట్టు సెంటరులో కూర్చుంటాడు. ఈడ వీళ్లు కూర్చుంటారు. అంతే. అంతే గానీ ఊరికీ టవరుకూ నడుమ కొండ ఒకటి అడ్డం పడుకుని ఉంది. పుల్ల పెట్టి చూస్తే తెర మీద సిగ్నలు గీత ఒకటి వచ్చి, వచ్చినట్టే పోయింది. పేరంటానికి వచ్చి చెప్పులు విడవకుండానే వెనక్కి పోయిన చుట్టంలాగా.

"సిగ్నలు యాడికీ పోదు వదినా. గాలిలో శెనక్కాయల మాదిరి రాలిపోతాంటాది. అడుగున ఏమన్నా పెట్టి పట్టుకోవల్ల" అన్నాడు కేశవ. ఇల్లంతా చూసి, గోడకు తగిలించిన పెద్ద జల్లెడ దించినాడు. శెనక్కాయలు జల్లించే ఇనుప జల్లెడ అది, బండి చక్రమంత. రెండేండ్లుగా దానికి పని లేదు.

"జల్లెడ గదా, కన్నాల్లోంచి కారిపోదా?" అంది పద్మజ.

"సిగ్నలు ఆ కన్నాలకంటే లావు. పట్టదు. జారి నడిమధ్యకొస్తాది. ఆ నడుమ పుల్ల పెడతాం."

జల్లెడను సుత్తితో కొట్టి కొట్టి చాటంత గుంట చేసినాడు. విరిగిన గొడుగు కమ్ములను చుట్టూ వంచి కట్టినాడు. ఖాళీ నూనె డబ్బాను కత్తిరించి రేకులు పరిచినాడు. దాసప్ప నమిలి పారేసే వక్కపొడి పొట్లాలను పద్మజ కడిగి, ఆరబెట్టి, లోపలి మెరుపు పైకి వచ్చేలా అంటించింది. అవ్వ పెండ్లినాటి చీర చిరిగి పేలికలయింది గానీ అంచు జరీ మిగిలుంది. పాత జరీ కొనేవాడికి ఇవ్వకుండా దాచిన ఆ అంచును కూడా అడిగి తీసుకుని జల్లెడ చుట్టూ కుట్టినారు.

"నా జల్లెడ యాడరా?" అంది అవ్వ.

"సదువుకోను పోయింది అవ్వా."

"సదివి ఏం జేస్తాదంట?"

"నీ మనవన్ని పట్టుకొస్తాది."

అవ్వ జరీ అంచు మీద చెయ్యేసి ఒకసారి నిమిరింది.

జల్లెడను మిద్దె మీద, నోరు టవరు వైపు ఆకాశంలోకి ఎత్తి పెట్టినారు. పగలు చూస్తే సిగ్నలు మూడు గీతలకు లేచింది. పక్క మిద్దె మీది గంగక్క కూడా చూసి మెచ్చుకుంది. ఆదివారం సాయంత్రం నాగేశ్వర వచ్చి కూర్చున్నాడు. పద్మజ తల దువ్వుకుని, పూలు లేకపోతే కనకాంబరం రంగు రిబ్బను పెట్టుకుని కూర్చుంది. తెర మీద నాగేశ్వర నుదురు వచ్చింది. తర్వాత ఒక చెవి. అంతలోనే గీతలన్నీ ఊడిపోయినాయి. ఆ తర్వాత ప్రతి సాయంత్రమూ అంతే. పగలంతా మూడు గీతలు, పొద్దు గూకే వేళకు సున్న. కేశవ టవరును తిట్టినాడు. గాలిని తిట్టినాడు. దాసప్ప ఎద్దుల మెడగంటలు సిగ్నలును చెదరగొడుతున్నాయని ఒకరోజు వాటికి గుడ్డలు కట్టి దాసప్పతో తన్నులు తినబోయినాడు.

ఆ శనివారం మధ్యాహ్నం సెల్లు వణికింది. 'ఢిల్లీ పోతాండా. కొత్త ఫ్యాక్టరీ. సోమవారం రైలు.'

పద్మజ ఆ మెసేజీని కేశవకు చూపించింది. కేశవకు జోకు దొరకలేదు. అది మొదటిసారి.

"రేపు ఒక్క సాయంత్రమే ఉండాది" అంది పద్మజ. "ఆయన చేతులు చూడల్ల నేను. ఆ మాట ఆయన చేతులే అంటాండాయా, ఉత్త బొటనవేలే అంటాండాదా చూడల్ల. చేతులే అంటే, సరే."

ఆ సాయంత్రం ఆమె మిద్దె దిగలేదు. జల్లెడకు ఎదురుగా మోకాళ్లు కావలించుకుని కూర్చుంది. సిగ్నలు ఎట్లా పోతుందో కళ్లారా చూస్తానని. పొద్దు కొండ వెనక్కి దిగుతుండగా అవ్వ చేతికర్ర ఊతగా ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది. నేరుగా జల్లెడ దగ్గరికి పోయి, దాన్ని రెండు చేతులా పట్టి, బోర్లించి, కొంగు దులుపుకుంది.

పద్మజ పెట్టిన కేకకు కేశవ రెండేసి మెట్లు దూకుతూ వచ్చినాడు.

"అవ్వా! నువ్వేనా? రోజూ నువ్వేనా బోర్లించేది?"

"పొద్దు గూకినంక ఖాలీ గిన్నె నోరు తెరుచుకోని ఆకాశం పక్క సూడగూడదు" అంది అవ్వ, తప్పు దొరికిన మొహమే లేకుండా. "సూస్తే కరువు దాంట్లోకి దిగుతాది. మా యత్త సెప్పింది. ఈ ఇంట్లో చెంబుకాడ నుంచి కడవ వరకు నేనే బోర్లిస్తా. మర్సిపోయి నువ్వు పెడితే, రోజూ నేను సక్కబెడతాండా."

"ఇంకెంత దిగల్లవ్వా కరువు? దిగింది దిగి, కూసోను సోటు ల్యాక మనింట్లో నిలబడుకోనుండాది!"

"అట్లని ఇంగొకదానికి పీట ఏస్తామా?"

కేశవ మెడగంటల సంగతి గుర్తొచ్చి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. పొద్దున లేచి జల్లెడను సరిచేసేది పద్మజే. అంట్లన్నీ బోర్లించి ఉంటే తిప్పి పెట్టినట్టే, జల్లెడనూ తిప్పి పెట్టేది. ఎవరు బోర్లిస్తున్నారని ఒక్కపూట కూడా అనుకోలేదు. ఇంట్లో రాత్రి గిన్నెలు బోర్లడం, పొద్దున వెల్లకిలా తిరగడం, పొద్దు పొడిచి పొద్దు గూకినట్టే కదా.

అవ్వను ఒప్పించడం కొండను జరపడం లాంటిది. కేశవ బతిమాలినాడు, కోప్పడినాడు, కాళ్లు పట్టుకున్నట్టు నటించినాడు. అవ్వ పద్మజ మొహం చూసి కొంచెం మెత్తబడింది గానీ, అత్త మాట జవదాటలేదు. "ఖాలీగా ఉండకపోతే సరే. నిండుగా ఉంటే నోరు తెరిస్తే ఏమి, మూస్తే ఏమి" అంది.

"పిడికెడు రాగులు ఏస్తాం."

"పిడికెడంటే నిండడమా? అది ఆశ పెట్టడం. నిండుగా ఉండల్ల."

బండి చక్రమంత జల్లెడను నింపడానికి ఆ ఇంట్లో ఏముంది? విత్తనం శెనక్కాయలు మూటలో ఉన్నాయి, వాటిని ముట్టుకుంటే అవ్వ చేతికర్రకు పని పడుతుంది. నీళ్లు పోస్తే కారిపోతాయి. బట్టలు వేస్తే కేశవ పుల్ల మునిగిపోతుంది. పద్మజ మిద్దంతా చూసింది. తర్వాత పడమటి గుంజ దగ్గరికి పోయింది. పగ్గం విప్పి, మబ్బును మెల్లగా కిందికి లాగి, పక్కబట్ట మడిచినట్టు నాలుగు మడతలు వేసి, జల్లెడలో పెట్టింది. మబ్బు ఒకసారి కదిలింది. సందున్న చోటంతా నిండి, జరీ అంచుల వరకు సర్దుకుని, పిల్లిలాగా ముడుచుకుంది.

అవ్వ వంగి చూసింది. "ఆ. ఇప్పుడు నిండింది" అని మెట్లు దిగిపోయింది.

కేశవ కంప్యూటరు దగ్గరికి పరుగెత్తినాడు. కింద నుంచి అతని అరుపుకు గంగక్క మిద్దె మీది కాకులు లేచిపోయినాయి. గీతలు అయిదు. అంతకుమించి గీతలు తెరలో లేవు.

ఆదివారం సాయంత్రం కంప్యూటరును మిద్దె మీదికి మోసినారు. జల్లెడ కాడి నుంచి కిందికి వైరు వేసి ఒక్క మొహం పంపగలరు గానీ, పది వేళ్లు ఆడాలంటే వైరు పొట్టిగా ఉండాలట. కేశవ అన్నాడు. నులకమంచం మీద కంప్యూటరు, దాని ముందు ఈతచాప మీద పద్మజ, వెనక జల్లెడలో మబ్బు. పక్క మిద్దె మీద గంగక్క, దాసప్ప, వాళ్ల వెనక ఇంకో నలుగురు. చెవులున్న వాళ్లకు అందులో వినడానికేమీ లేదు, అయినా వచ్చినారు.

నాగేశ్వర తెర మీదికి వచ్చినాడు. నుదురూ చెవీ కాదు, మొత్తం మనిషి. నడుం వరకు. ఏ ముక్కా ఊడిపోలేదు, ఎక్కడా ఆగలేదు. అతను ఆమెను చూసి, ఏమీ అనకముందు, బుగ్గ మీద వేలు పెట్టి తిప్పినాడు.

పద్మజకు ఇన్నాళ్లూ తను ఎవరూ కాకుండా ఉన్నట్టు, ఇప్పుడే ఎవరో అయినట్టు ఉంది.

"చిక్కిపోయినావు" అన్నాడు నాగేశ్వర.

"నువ్వు లావైనావు."

"క్యాంటీను అన్నం. సోడా వేసి ఉడికిస్తారు. నీ వెనక జల్లెడలో ఏంది, మన మబ్బేనా?"

"అవును. ఢిల్లీ ఎందుకు?"

అడిగేసింది. గంగక్క పక్క మిద్దె మీంచి "ఏమంటాండాదిరా కేశవా?" అని అడిగింది. "క్యాంటీనులో ఏం కూర అని అడుగుతాంది అక్కా" అన్నాడు కేశవ, ఆ పక్కకు తిరిగే. మాట ఇచ్చినట్టు చూడకుండానే నిలబడినాడు పాపం. అప్పుడప్పుడు మాత్రం మెడ నొప్పి పుట్టినట్టు తల తిప్పేవాడు.

"ఢిల్లీలో ఇంకా చానా మంది ఉండారంట మనోల్లు" అన్నాడు నాగేశ్వర. "పద్మా, నీకెట్ల సెప్పల్ల? ఈడ పొద్దున బస్సులో మాట్లాడతా. పనిలో మాట్లాడతా. టీ అంగట్లో కొట్లాడతా. ఊర్లో నాతో మాట్లాడను నువ్వొక్కదానివే. నువ్వు నిద్రపోతే నాకు ఊరంతా నిద్రపోయినట్లే. ఊర్లో ఉన్నప్పుడు అది కష్టమని తెల్దు. ఇప్పుడు తెలిసింది. రా అంటే రావు."

"అవ్వను ఎవురు చూస్తారు? మబ్బును ఎవురు చూస్తారు?"

"నన్ను ఎవురు చూస్తారు?"

అతని చేతులే అన్నాయి ఆ మాట. బొటనవేలు కాదు. కసరలేదు, బతిమాలలేదు. అలసిపోయిన చేతులు. ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చ ఒకటి మణికట్టు మీద కనపడింది, అది ఏ మెసేజీలోనూ లేదు. ఆ మచ్చ మీద చెయ్యి వేయాలనిపించి పద్మజ తెర వరకు చెయ్యి చాచి, గాజు తగలగానే వెనక్కి తీసుకుంది. బెంగుళూరు గోరువెచ్చగా ఉంది.

వాళ్లు అట్లా మాట్లాడుతూనే ఉన్నారు. పోయిన ఉగాది సంగతి, ఎనుము సంగతి, హాస్టలు గోడ సంగతి, ఎవరు ముందు మెసేజీలు మానేసినారన్న సంగతి. ఆ మాటలన్నీ జల్లెడలోంచే పోవాలి, జల్లెడలోంచే రావాలి. పోయే ప్రతి మాటా, వచ్చే ప్రతి మాటా మబ్బును తడుముకుంటూ పోయింది. ఇన్నేండ్లు దూదిలా ఉన్న మబ్బు మెల్లమెల్లగా బూడిదరంగుకు తిరిగింది. తర్వాత ఎనుము రంగుకు. జల్లెడ కింద గొడుగు కమ్ములు బరువుకు వంగినాయి. పక్క మిద్దె మీద దాసప్ప మాత్రం చూసి, ఎగతాళి మరిచి గంగక్కకు వేలెత్తి చూపించినాడు.

పద్మజకు ఇవేవీ తెలియవు. ఆమె ఒక మాట కోసం చేతులు కూడగట్టుకుంటోంది. అతన్ని చూసింది, అతని చేతులు చూసింది. అక్కడ అతనికి లోకం ఉంది. ఇక్కడికి వస్తే ఒక్క మనిషి. అతన్ని పట్టి ఉంచడమంటే గుంజకు కట్టెయ్యడమే. మాట తయారయింది. 'నువ్వు అంత దూరం పొయ్యేదే అయితే, నేను ఆపను. పో. మళ్ల నన్ను ఆ పేరుతో పిలవద్దు.' అంతే. పెద్ద మాటేం కాదు. కండ్లు తుడుచుకుని, నిటారుగా కూర్చుని, మొదలుపెట్టింది.

"నువ్వు అంత దూరం పొయ్యేదే అయితే," అని దూరాన్ని చేత్తో ఢిల్లీ వరకు చాపి, "నేను" అని అరచెయ్యి తన గుండె మీద పెట్టుకుంది.

ముక్కు మీద ఒక చినుకు పడింది.

రెండోది చేతి మీద. మూడోదాన్ని లెక్కపెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది. జల్లెడలోంచి, దాని మీంచి, దాని చుట్టూ నుంచి, ఇన్నేండ్లూ పట్టి ఉంచిందంతా ఒక్కసారిగా విడిచింది మబ్బు. పైకి ఎగిరి, దుప్పటంతది ఊరంతై, ఊరికీ చేలకూ కలిపి కురిసింది. తెర మీద నాగేశ్వర లేచి నిలబడి ఏదో అంటూ అంటూ ఆరిపోయినాడు. కరెంటు పోయింది. కేశవ తువ్వాలు కప్పి కంప్యూటరును చంటిబిడ్డలాగా కావలించుకుని మెట్ల మీద జారినాడు.

"అవ్వా! ఈనింది! మీ మబ్బు ఈనింది!" అని పక్క మిద్దె మీద దాసప్ప తలపాగా విప్పి ఎగరేసినాడు.

అవ్వ వాకిట్లో మంచం మీద అట్లాగే కూర్చుని, చీరకొంగు కూడా నెత్తికి కప్పుకోకుండా తడిసింది. పద్మజ మిద్దె మీద ఒక్కతే మిగిలింది, చెయ్యి ఇంకా గుండె మీదే ఉంది. చెప్పాలనుకున్నది చెప్పనే లేదు. సెల్లులో సిగ్నలు కూడా పోయింది. కొండ మీది టవరుకు కరెంటు లేదు. మిగతా మాట ఆమె చేతుల్లోనే నానింది.

తెల్లారేసరికి జల్లెడ ఖాళీ. గుంజకు పగ్గం ఉంది, మబ్బు లేదు. అవ్వ మిద్దె ఎక్కి చూసి, "మందలో కలిసుంటాది" అంది. పగ్గం చుట్ట చుట్టి పక్కన పెట్టి, పద్మజ వైపు తిరిగి, పెదాలు బాగా కదిలేలా నిదానంగా అంది. "ఇన్నేండ్లు దాన్ని కనిపెట్టుకోని కూసుంటిని. నిన్నూ కూసోబెట్టుకుంటిని. ఇంగ నాకు కాపలా పని ల్యాదు పాపా. నాకు గంజి కాసి పోసే తెలివి కేశవునికి ఉండాది. మాటలు తక్కువ జేస్తే ఇంగా బాగా కాస్తాడు."

చేను విత్తనానికి పదునైంది. అటువంటి పదును మళ్లీ ఎప్పటికో. ఊరంతా విత్తనం గొర్రు కట్టింది. దాసప్ప ఎద్దులు తోలుతుంటే, గొర్రు వెనక పద్మజ నడిచింది. ఒడిలో విత్తనం శెనక్కాయ గింజలు. రెండు చేతులా గొర్రు మీది జడ్డిగం గిన్నెలోకి గింజలు జారవిడుస్తూ పోవాలి, చేతులు ఒక్కసారి ఆగితే అంతమేరా సాలు బోసిపోతుంది. రైలు ఎన్నిటికో ఆమెకు తెలియదు. పొద్దు నెత్తి మీదికి వస్తున్నట్టు నీడను బట్టి తెలిసింది. ఈపాటికి పోయుంటాడు అనుకుంది. ఇంకో సాలు మొదలుపెట్టింది.

సాలు మధ్యకు వచ్చేసరికి గట్టు మీద ఎవరో పరుగెత్తుతున్నారు. మోకాళ్ల వరకు ఎర్రమట్టి. చెప్పులు చేతిలో. భుజాన సంచి. ఢిల్లీకి సర్దిన సంచి.

నాగేశ్వర చేన్లోకి దిగి, ఆమెకు ఎదురుగా వెనక్కి నడుస్తూ, ఊపిరి తీసుకోకుండా మాట్లాడినాడు. "తెర మీద నువ్వు బొమ్మ మాదిరి అట్లే ఆగిపోయినావు. చేతిని గుండె మీద పెట్టుకోని. సెంటరోడు లైట్లార్పిందాకా ఆన్నే ఉండావు. మెసేజీ పెడితే పోలేదు. నిద్రపట్టలేదు. స్టేషనుకు పోయినా, రైలు నిలబడుండాది, నేనూ నిలబడుండా. 'నువ్వు అంత దూరం పొయ్యేదే అయితే, నేను' అన్నావు. నేను... ఏంది? మిగతాది సెప్పు. అది వినకుండా నేనెట్ల పోయేది? కదిరి బస్సెక్కినా."

పద్మజ చేతుల నిండా గింజలు. సాలు నడిమధ్య ఉంది. ఎద్దులు ఆగవు, దాసప్పకు వెనకేం జరుగుతోందో తెలియదు. ఆమె గింజలు జారవిడుస్తూ నడిచింది, అతను ఆమె చేతుల వైపే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచినాడు, ఒకసారి బెడ్డ తగిలి పడబోయినాడు. అంత పొడుగు సాలును ఆమె ఎప్పుడూ వేయలేదు. నిన్నటి మాట చేతుల్లోనే ఉంది, తడిసి, బరువెక్కి. తడి మట్టి వాసన వస్తోంది. మణికట్టు మీద కాలిన మచ్చ, తెరలో కన్నా పెద్దది, అందేంత దూరంలో ఉంది.

గట్టు దగ్గర ఎద్దులు మళ్లినాయి. పద్మజ మిగిలిన గింజలు ఒడిలోకి వదిలి, చేతులు చీరకు తుడుచుకుంది. అరచెయ్యి మళ్లీ గుండె మీద పెట్టుకుంది.

"నేను," అంది. అతని మణికట్టు మీది మచ్చను చూసింది. "శెనక్కాయ ఇల్లు చేరినంక, నేనూ వస్తా. నీ టీ అంగడి చూపించు."

నాగేశ్వర బుగ్గ మీద వేలు పెట్టి తిప్పినాడు. వేలికున్న మట్టి బుగ్గకు అంటింది.

దాసప్ప వెనక్కి తిరిగి చూసి "ఏమప్పా నాగేశా, వస్తివా? ఊరికే నిలబడకపోతే ఆ ఒడి పట్టు" అన్నాడు. ఆ మాట ఎవరికీ వినపడలేదు గానీ, నాగేశ్వర సంచి గట్టు మీద పెట్టి ఒడి పట్టినాడు.

ఆదివారం ఆమె చేతుల్లో తయారుగా ఉన్న మాట ఇది కాదు. అది ఆ పొడుగాటి సాలులో, గింజలతో పాటు, ఎక్కడో జారిపోయింది. ఆ ఏడు ఆ చేన్లో విత్తినవన్నీ మొలిచినాయి. అదొక్కటే మొలవలేదు.